ఆదివారం బోర్డు మీద వాన

కృష్ణా డెల్టాలో ఒక వారం పాటు వానలు కురిపించినదాన్ని నేను. మబ్బు లేదు, గాలి లేదు, చేతిలో అరంగుళం సుద్దముక్క మాత్రం ఉంది. వయసు పన్నెండేళ్ళు. పెద్ద పెద్ద ఆఫీసుల్లో ఫ్యాన్ల కింద కూర్చున్నవాళ్ళకు సాధ్యం కాని పని మా కొట్టు ముందు ముక్కాలిపీట ఎక్కి ఒక్క నిమిషంలో చేసేశాను. ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఇలాగే, కాస్త గొప్పగానే మొదలుపెడతాను. చివరిదాకా చెప్పాల్సి వచ్చినప్పుడే గొంతు తగ్గుతుంది.

మొన్న బీసెంట్ రోడ్డులో మా అమ్మాయి కోసం సుద్దముక్కల పెట్టె కొన్నాను. పావుగంట బేరమాడి ఐదు రూపాయలు తగ్గించుకుని, ఆ గెలిచిన ఊపులో నిమ్మసోడా తాగి ఇరవై పోగొట్టుకుని, ఇంటికొచ్చి పెట్టె మూత తీశాను. సున్నమూ కాదు, మట్టీ కాదు, తడిగుడ్డతో తుడిచిన నల్లబల్ల మీంచి ఎండకు లేచే ఆ పొడి వాసన ముక్కులోకి పోగానే, అరవై చదరపు గజాల మా ఎరువుల కొట్టు మొత్తం వచ్చి వంటింట్లో నిలబడింది.

మా కొట్టు కంకిపాడులో, బందరు రోడ్డు పక్కన. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు. కళ్ళు మండించే యూరియా ఘాటు, వేపపిండి చేదు వాసన, కొత్త గోనెసంచుల నార వాసన కలిసి మా అన్నంలోకి కూడా వచ్చేవి. మా బంధువుల్లో కొట్టు లేనివాళ్ళు లేరు. తాతయ్యది కిరాణా, పెదనాన్నది ఇనుప సామాను, మేనమామది విజయవాడలో జాకెట్టు గుడ్డలు. మా ఇళ్ళలో పిల్లలకు ముందు "గిట్టదండీ" అనడం నేర్పేవారు, ఆ తర్వాత "సర్లెండి, మీరు కాబట్టి" అనడం నేర్పేవారు. నూటయాభై రావాలంటే రెండొందలు చెప్పాలి, ఎదుటివాడు వంద అంటాడు, ఇద్దరూ కాసేపు ఒకరి మీద ఒకరు అలిగి నూటయాభై దగ్గర కలుసుకుంటారు. చెప్పిన మాటలో కొంత తీసేయడానికే ఉంటుందని, అది లేకుండా మాట్లాడేవాడు అమాయకుడో మోసగాడో అయ్యుంటాడని మా అందరి నమ్మకం. నేను బడిలో మార్కులు కూడా ఇంట్లో పది కలిపి చెప్పేదాన్ని. అమ్మ పది తీసేసి వినేది. ఇద్దరికీ ఇబ్బంది లేదు.

ఆ కొట్లో బేరం లేనిది ఒక్కటే, తలుపు పక్కన మేకుకు వేలాడే నల్లబోర్డు. ప్రతి ఆదివారం ఉదయం నాన్న రేడియోలో వారపు వాతావరణం విని, బ్యారేజీ దగ్గర పనిచేసే ఎరిగినాయనకు ఫోన్ చేసి, స్నానం చేసి, విబూది పెట్టుకుని, దాని మీద మూడు వరుసలు రాసేవాడు. వాన ఎంత రావచ్చు, బ్యారేజీలో నీళ్ళెంత ఉన్నాయి, కాలువకు ఎప్పుడు వదులుతారు. విన్నది విన్నట్టు, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా. రేడియోలో "అవకాశం" అన్నారంటే "అవకాశం" అనే రాసేవాడు, చోటు చాలకపోతే చిన్నక్షరాలతో ఇరికించేవాడు గానీ ఆ మాట వదిలేవాడు కాదు. అప్పటికి చేతి ఫోన్లు ఇంకా బాగా డబ్బున్నవాళ్ళ జేబుల్లోనే ఉండేవి. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు సైకిళ్ళు ఆపి, కాలు కింద పెట్టకుండానే బోర్డు చదువుకుని వెళ్ళేవారు. యూరియా బస్తా మీద రూపాయి కోసం అరగంట పోట్లాడేవాళ్ళు ఆ బోర్డును మాత్రం మారుమాట లేకుండా నమ్మేవారు. దాన్ని చూసే వడ్లు నానబెట్టేవారు, దాన్ని చూసే కూలీలకు కబురు పెట్టేవారు.

మంచి సంవత్సరాల సంగతి చెప్పాలి, లేకపోతే చెడ్డ సంవత్సరాలు మీకు అర్థం కావు. వేసవి అంతా ముంజలు, మామిడి టెంకలు, ఆవకాయ కలిపిన బేసిన్లో అన్నం వేసి పెట్టే ఆ చివరి ముద్ద, మధ్యాహ్నం నేల మీద పడుకుంటే వీపుకు తగిలే గచ్చు చల్లదనం. ఇవన్నీ ఒక ఎత్తు, కాలువకు కొత్తనీళ్ళు వచ్చే రోజు ఒక ఎత్తు. నీళ్ళు వదిలారని తెలియగానే మేమంతా ఎండిపోయిన పంటకాలువలోకి దిగి, వంతెన దగ్గర కాచుకుని కూర్చునేవాళ్ళం. ముందు చప్పుడు వచ్చేది, ఎవరో ఎండుటాకుల మీద నడిచి వస్తున్నట్టు. తర్వాత నురగ, పుల్లలు, తెగిన చెప్పు, కొబ్బరిచిప్ప, వాటన్నిటినీ తోసుకుంటూ బురదరంగు నాలుకలాగా నీళ్ళు. ఆ నీళ్ళకు ముందు మేము వెనక్కి వెనక్కి నడుస్తూ, పాదాలు తడవకుండా ఎవరు ఎక్కువ దూరం వెళితే వాళ్ళు గెలిచినట్టు. పెద్దవాళ్ళు గట్టు మీంచి పసుపూ కుంకుమా చల్లి, దోసెడు నీళ్ళు నెత్తిన పోసుకునేవారు. వారం తిరిగేసరికి దమ్ము చేసిన పొలాల వాసన బందరు రోడ్డు బస్సుల్లోకి కూడా వచ్చేది. మా కొట్లో నాన్నకు అన్నం తినే తీరిక ఉండేది కాదు, మాకు జీళ్ళకు డబ్బులు అడిగే అవసరం ఉండేది కాదు, గల్లాపెట్టె తెరిచే ఉండేది.

రెండువేల సంవత్సరం దాటాక ఆ నీళ్ళు వేళకు రావడం తప్పింది. ఒక ఏడు ఆలస్యం, మరుసటేడు ఇంకా ఆలస్యం. పైనున్న ప్రాజెక్టులు నిండితేగానీ మాకు వదలరు, అవి నిండాలంటే ఎక్కడో పరాయి రాష్ట్రపు కొండల్లో వానలు పడాలి. మా మీద మబ్బులు వచ్చేవి, కొట్టులోకి వచ్చి ధరలన్నీ అడిగి ఏమీ కొనకుండా పోయేవాళ్ళలాగా, కాసేపు నిలబడి వెళ్ళిపోయేవి.

దానికంటే నన్ను ఇప్పటికీ మండించేది పేపర్లో వారం వారం వచ్చే ఆ చిన్న వార్త. ఏ ఆఫీసు వాళ్ళు తయారుచేసేవారో నాకు తెలియదు, తెలుసుకుంటే తిడతానని తెలుసుకోలేదు. "జిల్లాలో వర్షపాతం సాధారణం." వారానికి ఒకసారి, అదే మూల, అదే మాట. సముద్రం అంచున ఎక్కడో ఒక్క రాత్రి కుంభవృష్టి కురిస్తే, దాన్ని తెచ్చి జిల్లా మొత్తానికి పంచేవారు. కాగితం మీద మా కంకిపాడుకూ ఒక వాటా వచ్చేది. పెళ్ళిలో మొదటి బంతివాళ్ళు లడ్డూలన్నీ తినేసి లేచిపోతే, ఖాళీ విస్తరి ముందు కూర్చున్న చివరి బంతివాడితో "తలా రెండు వడ్డించామండీ, లెక్క సరిపోయింది" అని చెప్పడమే అది. ఆ చివరి బంతివాడు ఆకలి అంటే వాడిదే అత్యాశ.

ఇంకొక ముచ్చట కూడా ఉంది. మాది డెల్టా కాబట్టి మాకు కరువు రాకూడదు. ఒకసారి ఎవరో ఆఫీసరుగారు జీపు దిగి మా కొట్లో మంచినీళ్ళు తాగుతుంటే, రైతులు నలుగురూ చుట్టూ చేరారు.

"కాలువ కింద కరువేంటయ్యా? కరువంటే రాయలసీమది," అన్నాడాయన, మా చెంబులో నీళ్ళే తాగుతూ.

"కాలువ ఉందండీ, కాదన్నం," అన్నాడు రాఘవులు మావయ్య. "ఎండలో దాంట్లో మా పిల్లలు కిరికెట్టు ఆడుతున్నారండీ. మీరూ ఓ చెయ్యి వేద్దురుగాని, రండి."

అందరూ నవ్వారు. ఆఫీసరుగారు నవ్వలేదు. చెంబు మాత్రం ఖాళీ చేసి వెళ్ళాడు.

ఈ రాఘవులు మావయ్య మాకు చుట్టం కాదు. అమ్మను అక్కయ్యగారూ అని పిలిచేవాడు కాబట్టి మాకు మావయ్య. రెండెకరాలు కౌలుకు చేసేవాడు. సన్నగా, పొడుగ్గా, చెవిలో బీడీతో, ప్రతి బేరాన్నీ తగాదాలాగా మొదలుపెట్టి పెళ్ళి సంబంధంలాగా ముగించేవాడు. "అక్కయ్యగారూ, ఈ రేటుకు కొంటే మా ఆవిడ నన్ను బస్తాలో కట్టి మీకే తిరిగి అమ్ముద్ది" అనేవాడు. అమ్మ "నిన్నెవడు కొంటాడయ్యా, వందకు పైసా రాదు" అనేది. అతని పొలం యజమాని ఊళ్ళో పెద్దాయన. కిందటేడు నారుమడి ఎండిపోయి రాఘవులు మావయ్య కౌలు ఇవ్వలేకపోయాడు. ఈ ఏడు ఆ పెద్దాయన ఒక షరతు పెట్టాడు. ఇటుకబట్టీ వాళ్ళు ఆ రెండెకరాల మట్టి కోసం తిరుగుతున్నారు. నీళ్ళు వచ్చేదాకా ఆగితే ఆగు, నాకేం తొందరలేదు, కానీ మడి పోసి మళ్ళీ ఎండబెట్టావంటే పొలం బట్టీకే ఇచ్చేస్తాను అన్నాడు. అందుకని రాఘవులు మావయ్య రోజూ వచ్చేవాడు. ఆదివారం బోర్డు చదివింది చాలక సోమవారం, మంగళవారం కూడా వచ్చి, "అమ్మాయ్, రేడియోవాడు మనసేమన్నా మార్చుకున్నాడా?" అని అడిగేవాడు.

ఆ ఆషాఢంలో మా కొట్లో విత్తనాల బస్తాలు పైకప్పు దాకా ఉన్నాయి. నాన్న వాటిలో సగమన్నా వెనక్కి తీసుకుంటారేమో బతిమాలడానికి శనివారం గుంటూరు వెళ్ళాడు. వెళుతూ, "రేడియో విని బోర్డు నువ్వు రాయి. విన్నదే రాయి" అన్నాడు. ఆదివారం పొద్దున్నే నేను స్నానం చేసి, విబూది కూడా పెట్టుకుని, రేడియో పక్కన కూర్చున్నాను. కోస్తాలో ఒకటి రెండు చోట్ల జల్లులు పడే అవకాశం ఉందన్నారు. బ్యారేజీ ఎరిగినాయన ఫోన్లో, నీళ్ళ సంగతి మాట్లాడుకుంటున్నారు, ఇంకా ఏమీ తేల్చలేదు అన్నాడు.

పీట ఎక్కి బోర్డు ముందు నిలబడ్డాను. వెనక అమ్మ బస్తాల వైపు చూస్తూ కూర్చుని ఉంది. రోడ్డు మీద ఎండ తెల్లగా ఉంది. నాకు ఆ మాట నచ్చలేదు. ఒకటి రెండు చోట్ల అట, అవకాశమట. ఇంత పెద్ద ప్రభుత్వం ఇంత పిసినారిగా మాట్లాడటం ఏమిటి? బేరం మొదలుపెట్టేవాడు ఎవడైనా ఇంత తక్కువ చెబుతాడా? జనం ఎలాగూ చెప్పినదాంట్లో సగం తీసేసుకుంటారు. వాన అంటే జల్లు అనుకుంటారు, జల్లు అంటే ఏమీ లేదనుకుంటారు. కాబట్టి తీసేయడానికి కొంత కలిపితేనే సరైన మాట వాళ్ళకు చేరుతుంది. ఇదీ నా తర్కం. ఇప్పటికీ అందులో తప్పెక్కడుందో వెతకడానికి నాకు కొంత సేపు పడుతుంది, అంత బాగా పెంచారు నన్ను. రాశాను: "ఈ వారం వానలు. కాలువకు నీళ్ళు వస్తున్నాయి."

వ్యాపారస్తుల ఇంట్లో పుట్టినదాన్ని, ఒక్క సంగతి మర్చిపోయాను. ఆ బోర్డు దగ్గర ఎవరూ బేరమాడరు.

పదింటికల్లా కొట్టు ముందు సైకిళ్ళు నిండిపోయాయి. ఏడెనిమిది బస్తాలు కదిలాయి. అమ్మ మొహంలో నెలరోజుల తర్వాత నవ్వు కనిపించింది. నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుని నా తెలివికి నేనే మురిసిపోయాను. రాఘవులు మావయ్య వచ్చి, బోర్డు ముందు మామూలుకంటే ఎక్కువసేపు నిలబడి, లోపలికి వచ్చి, స్వర్ణ విత్తనం బస్తా భుజాన వేసుకున్నాడు. ధర అడగలేదు.

"ఏంటి రాఘవులూ, ఒంట్లో బాగోలేదా? బేరం లేదు?" అంది అమ్మ.

"వాన వచ్చే రోజున బేరమేంటి అక్కయ్యగారూ," అన్నాడు. వెళుతూ వెళుతూ నా జడ లాగి, "అమ్మాయ్, నీ నోట్లో పంచదార" అన్నాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

మిగతావాళ్ళు విత్తనాలు ఇంట్లో పెట్టుకుని, ఎందుకైనా మంచిదని నాలుగు చినుకులు పడేదాకా ఆగారు. నానబెట్టింది రాఘవులు మావయ్య ఒక్కడే. ఆయిలింజను అద్దెకు తెచ్చి, పక్క పొలం బోరు నీళ్ళతో మడి తడిపి, తర్వాత సంగతి వాన చూసుకుంటుందని మొలక విత్తనం చల్లేశాడు. గుంటూరులో నాన్నను మూడు రోజులు తిప్పించుకుని, ఒక్క బస్తా కూడా వెనక్కి తీసుకోకుండా పంపారు. బుధవారం మధ్యాహ్నం బస్సు దిగి వచ్చి, బోర్డు చదివి, చేతిసంచి కింద పెట్టకుండానే అడిగాడు.

"రేడియోలో ఇదే చెప్పారా?"

నేను కిందకి చూశాను. నాన్న కొట్టలేదు, అరవలేదు. తడిగుడ్డ తెచ్చి బోర్డు తుడిచి, విన్నది విన్నట్టు రాసి, సైకిలెక్కి రాఘవులు మావయ్య పొలానికి వెళ్ళాడు. నన్ను వెనక కూర్చోబెట్టుకున్నాడు. గట్టు మీద నిలబడి, "రాఘవులూ, నేను గుంటూరు నుంచి ఫోన్లో తప్పు చెప్పానయ్యా, అదే రాశారు. వాన లేదు," అన్నాడు. జీవితంలో మా నాన్న ఆడిన అబద్ధాల్లో లాభం లేనిది అదొక్కటే. రాఘవులు మావయ్య మడి వైపు చూశాడు. గింజలు అప్పటికే తెల్లటి మొలకలతో బురదను పట్టుకున్నాయి.

"మరి వీటికెవరు చెప్తారండీ," అన్నాడు.

తర్వాత రెండు వారాలు మేమూ నీళ్ళు మోశాం. బడి వదలగానే నేను, మా అమ్మ, రాఘవులు మావయ్య, ఆయన భార్య, ఇంజను పోసేది చాలక, చేతిపంపు దగ్గర నుంచి బిందెలతో తెచ్చి మడి మీద చల్లేవాళ్ళం. ఇంజను అద్దె నాన్నే కట్టాడు. పక్క బోరు కూడా మట్టి కక్కడం మొదలుపెట్టాక ఇంజను ఆపేశారు. నారు వేలెడు లేచింది, అంచుల నుంచి పసుపు పట్టింది, పసుపు నుంచి ఎండుగడ్డి రంగుకు వచ్చింది. మడి నెర్రెలు విచ్చి, ఆ నెర్రెల్లో నా అరచెయ్యి దూరేది. ఆ వారం కూడా పేపర్లో అదే మూల అదే మాట: సాధారణం. నేను ఆ ముక్క చింపి పొయ్యిలో వేశాను. అప్పుడే నాకు ఒక సంగతి అర్థమై ఒళ్ళు మండింది. వాళ్ళు చేసిందీ నేను చేసిందీ ఒకటే. లేని వానను జనానికి పంచిపెట్టాం. తేడా ఏమిటంటే, వాళ్ళ అబద్ధం కింద సంతకం ఉంటుంది.

వినాయక చవితికి ఉండ్రాళ్ళు చేశారు, పాలవెల్లి కట్టారు, పత్రి మాత్రం సగానికి సగం దొరకలేదు. నిమజ్జనం రోజు బొమ్మను ఊరేగించి పంటకాలువ దగ్గరికి తీసుకెళ్ళి చూస్తే అడుగున చుక్కలేదు. పెద్దవాళ్ళు బొమ్మను ఇసుకలో కూర్చోబెట్టి, ఇంటికొక బిందె చొప్పున తెచ్చి పైనుంచి పోశారు. రంగు కారింది, తొండం కరిగింది, బొజ్జ అలాగే మిగిలింది. పిల్లలు కూడా జై కొట్టలేదు. ఆ సాయంత్రమే పొలం యజమాని మడి గట్టు మీదికి వచ్చి, ఎండిన నారు కాలితో తిప్పి చూసి వెళ్ళిపోయాడు. వారంలో బట్టీవాళ్ళ ట్రాక్టర్లు దిగాయి.

మరో పదిరోజులకు కాలువకు నీళ్ళు వదిలారు. ఆగినవాళ్ళు తక్కువ రోజుల వరి పోసుకున్నారు, కొందరు మినుము చల్లుకున్నారు. కార్తీకంలో వాయుగుండం వచ్చి మూడు నెలల వాన మూడు రోజుల్లో కురిసి, ఆ కాస్త పంటలో సగం పడుకోబెట్టింది. ఆ మూడు రోజుల్నీ ఎండిన నెలలకు సర్ది, సంవత్సరం మొత్తం సాధారణం అని తేల్చారు. ఎవరూ సిగ్గుపడినట్టు లేదు.

బోర్డును మాత్రం జనం క్షమించలేదు. "శెట్టిగారి బోర్డులో వానంటే సగం తీసేసి చదువుకోవాలి" అని నవ్వుకునేవారు. చివరికి దాంతోనూ బేరం మొదలైంది. నాన్న ఇంకో రెండు ఆదివారాలు రాసి మానేశాడు.

డిగ్రీ చదివే రోజుల్లో ఆటోనగర్లో మా బంధువుల లారీ బాగుచేయిస్తుంటే, బాడీలు కట్టే షెడ్డు దగ్గర రాఘవులు మావయ్య కాపలా కాస్తూ కనిపించాడు. చెవిలో బీడీ అలాగే ఉంది. టీ తాగుతూ, అన్నేళ్ళ తర్వాత, నిజం చెప్పేశాను. ఆయన నవ్వాడు.

"మీ నాన్నగారి చేతిరాత నాకు తెలీదటే? ఆయన అక్షరాలు గోడకు మేకులు కొట్టినట్టుంటయ్యి. నీయి జాతర్లో తప్పిపోయిన పిల్లల్లా ఉంటయ్యి. ఆ రోజే తెలుసు నువ్వే రాశావని."

"తెలిసీ ఎందుకు నమ్మావు మావయ్యా?"

"మీ కొట్టు బోర్డు కదా," అన్నాడు. తర్వాత నా మొహం చూసి, "పోన్లే అమ్మాయ్, నువ్వు రాయకపోయినా ఏదో వంకన పోయేదే. సగం నా తొందర అనుకో" అన్నాడు.

అది ఆయన ఇచ్చిన తగ్గింపు. అడక్కుండా ఎవరైనా తగ్గిస్తే కళ్ళకద్దుకుని తీసుకోవడం నా వృత్తి. మంగళగిరి మగ్గాల దగ్గర చీరలు కొనుక్కొచ్చి విజయవాడలో అమ్ముకునే నేను, ఆ తగ్గింపుతోనే చాలా ఏళ్ళు గడిపాను. వాన నా చేతిలో లేదు, ప్రాజెక్టులు నావి కావు, బట్టీ నాది కాదు, సాధారణం అని రాసింది నేను కాదు. నిజమే, వాళ్ళందరి మీదా నా కోపం పైసా తగ్గలేదు. వాళ్ళ వాటా వాళ్ళు ఎప్పటికీ కట్టరని కూడా తెలుసు.

ఇప్పుడు కంకిపాడు వెళితే ఆ రెండెకరాలు చూడక్కర్లేదు, కనపడవు. మట్టి నిలువెత్తు లోతుకు తవ్వుకుపోయారు, ఆ గుంట చుట్టూ ప్లాట్ల రాళ్ళు వచ్చాయి. కాలువ గట్టుకు కాంక్రీటు వేశారు, నీళ్ళు ఎప్పుడు వస్తాయో ఎవరూ కాచుకుని చూడరు, పాదాలు తడవకుండా వెనక్కి నడిచే పిల్లలు లేరు. వానలు ఫోన్లో వస్తాయి, శాతాల్లో.

ఆ ఏడు ఆగినవాళ్ళందరికీ అరకొర పంట వచ్చింది, పొలం మిగిలింది, మరుసటేడు మళ్ళీ దున్నుకున్నారు. కరువు ఒక్కొక్కరి దగ్గర తీసుకున్నది సగం పంట. రాఘవులు మావయ్య దగ్గర పొలమే పోయింది. సగం పంటకూ రెండెకరాల పొలానికీ మధ్య ఎంత తేడా ఉందో, అదంతా నాది.